జే పిట్టను కాల్చడానికి రమ్మంటున్నారు, వెళ్లనా?

ప్రశ్న:

నమస్తే అక్కా. మేము ఇంగ్లండులో హెరెఫర్డ్‌షైర్‌లోని ఒక పల్లెటూళ్లో ఉంటున్నాం. నా భార్య నర్సు. నేను ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం చేస్తాను. మా సొంతూరు తెనాలి దగ్గర. ఈ ఊరొచ్చిన కొత్తలో మమ్మల్ని మొదట పలకరించింది మా పక్క పొలం పెద్దాయన. గాల్లోకి మట్టి పళ్లాలు ఎగరేసి కాల్చే క్లబ్బుకు నన్ను తీసుకెళ్లింది కూడా ఆయనే. సరదా పెరిగి, పోలీసుల దగ్గర షాట్‌గన్ సర్టిఫికెట్ తీసుకున్నాను. పోయిన ఏడాది ఆయన చేలో అడవి పావురాలు మందలుగా పడితే ఆయనతో కలిసి కాల్చాను. మా తాత మంచె ఎక్కి వడిసెల తిప్పేవాడు. అదీ ఇదీ ఒకటే అనుకున్నాను, తప్పు అనిపించలేదు.

ఇప్పుడు ఆయన జే అనే కాకి జాతి పిట్టల పని పట్టాలి, ఆదివారం రమ్మంటున్నాడు. అవి చిన్న పిట్టల గుడ్లన్నీ తినేస్తున్నాయట, వేట కోసం పెంచే ఫెజంట్ కోడిపిల్లల్ని బతకనివ్వవట, ఇంటి వెనక బఠాణీ మడిని కూడా దోచుకుంటున్నాయట. మా తొమ్మిదేళ్ల పాపకేమో ఆ పిట్ట అంటే ప్రాణం. రెక్క మీద నీలం చూసి దాన్ని ‘ఇంగ్లండు పాలపిట్ట’ అంటుంది. చట్టం ఒప్పుకుంటుందా? ఒప్పుకున్నా కాల్చడం న్యాయమేనా? రానంటే ఆయనకు ఎలా చెప్పాలి? నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. మీరు నాకు పెద్దక్కలాంటివారు, నువ్వు అనే పిలవండి.

సమాధానం:

తమ్ముడూ,

ఆదివారం దగ్గరపడుతోంది కాబట్టి అసలు మాట ముందే చెప్పేస్తాను. పెద్దాయన చెప్పిన ఆ మూడు కారణాలతో, ఆ పొలంలో, జే మీద తుపాకీ ఎత్తకు. ఎందుకో ఇప్పుడు చెబుతాను. ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే సర్టిఫికెట్ ఉన్నది నీ పేరు మీద.

ఇంగ్లండులో అడవి పక్షులన్నిటికీ, వాటి గూళ్లకూ గుడ్లకూ 1981 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఇస్తుంది. కాకికీ అదే రక్షణ, కోకిలకూ అదే. ‘పీడ పక్షి’ అని పేరు పెట్టినంత మాత్రాన ఆ రక్షణ పోదు. ప్రభుత్వం ఎప్పటికప్పుడు జారీచేసే జనరల్ లైసెన్సులు మాత్రం కొన్ని పక్షులను, కొన్ని పనుల కోసం, కొన్ని షరతుల మీద చంపడానికి అనుమతిస్తాయి. వాటికి దరఖాస్తు పెట్టక్కర్లేదు, ఫీజు లేదు. అందుకే చాలామంది వాటిని చదవరు కూడా. పల్లెల్లో ‘కాకి జాతిని కాల్చొచ్చు, అంతే’ అనే మాట నోటి నుంచి నోటికి తిరుగుతూ ఉంటుంది. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఆ లైసెన్సుల్లో నీకు కావలసినవి రెండు. జీఎల్42 అనేది పంటలకూ పశువులకూ పెద్ద నష్టం జరగకుండా ఆపడానికి. అడవి పావురం ఆ జాబితాలో ఉంది, కాబట్టి పోయిన ఏడాది నువ్వు చేసిన పనికి ఆధారం ఉంది. జే మాత్రం అందులో లేదు. అంటే బఠాణీ మడి కోసం జేని కాల్చడం కుదరదు. ఫెజంట్ పిల్లల కోసం కూడా కుదరదు, ఎందుకంటే పెంచి వదిలే కోళ్లను కాపాడుకోవాలన్నా ఆ జాబితాలో ఉన్న పక్షి మీదే చెయ్యి వేయాలి.

జే ఉన్నది రెండోదైన జీఎల్40లో. అది తగ్గిపోతున్న అడవి జీవులను కాపాడటానికి ఇచ్చేది. పెద్దాయన మూడు మాటల్లో ‘చిన్న పిట్టల గుడ్లు తినేస్తోంది’ అన్న ఒక్కటే దీని దరిదాపుల్లోకి వస్తుంది. అయినా అక్కడా ఒక ప్రశ్న ఎదురు నిలబడుతుంది: ఏ పిట్ట కోసం? తగ్గిపోతున్న ఫలానా జాతి ఈ పొలంలో గూడు కడుతోంది, జే వల్ల దానికి నష్టం జరుగుతోంది, చంపకుండా ఆపే దారులు చూశాం, సరిపోలేదు అని చెప్పగలగాలి. ‘చిన్న పిట్టలన్నీ’ అంటే జవాబు కాదు. భూమి ఆయనది, అనుమతి ఆయన ఇస్తాడు, నిజమే. కానీ ట్రిగ్గర్ నొక్కిన వేలు నీదైతే, జవాబుదారీ కూడా నీదే.

ఇది తప్పితే ఆరు నెలల దాకా జైలు, పరిమితి లేని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. షాట్‌గన్ సర్టిఫికెట్ కూడా పోవచ్చు. మీరు ఇంకా వీసా మీద ఉంటే, రేపు శాశ్వత నివాసానికో పౌరసత్వానికో దరఖాస్తు పెట్టినప్పుడు నేర చరిత్ర కాలమ్ ఒకటి నీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఒక పిట్ట కోసం ఇంటిల్లిపాదినీ ఆ ఇబ్బందిలోకి లాగకు. లైసెన్సు కాగితం ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. జాబితాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఈ ఏడాది కాగితం నువ్వే చదువు. పావురాలను కాల్చడానికి వెళ్లే ముందు కూడా చదువు.

పెద్దాయన వయసు వాళ్లకు ఈ మార్పు మింగుడుపడదని నాకు తెలుసు. 2019 ఏప్రిల్ దాకా పాత లైసెన్సులు చాలా వదులుగా ఉండేవి. వన్యప్రాణుల కోసం పోరాడే క్రిస్ ప్యాకమ్, మార్క్ ఏవరీ, రూత్ టింగే కలిసి పెట్టిన వైల్డ్ జస్టిస్ అనే సంస్థ వాటిని కోర్టులో సవాలు చేయబోతే, ఆ నెల 25న ప్రభుత్వ సంస్థ నేచురల్ ఇంగ్లండ్ మూడు లైసెన్సులను ఒక్కసారిగా రద్దు చేసింది. సరిగ్గా వసంతకాలపు పంటలు మొలకెత్తే సమయం. చేలో పావురాలు పడుతుంటే చూస్తూ నిలబడాల్సి వచ్చిన రైతుల కోపం నేను కళ్లారా చూశాను. ఆ కోపంలో న్యాయం ఉంది. ఆ తర్వాత వచ్చినవే ఈ కొత్త లైసెన్సులు. పెద్దాయన నోట్లో ఇంకా ఆ పాత మాటే నానుతుండవచ్చు, ఆయన్ని దొంగలా చూడకు.

ఇక రెండో ప్రశ్నకు వస్తాను. నాకు ఇదే ముఖ్యం.

జే పాపం ఎరగని పిట్ట అని నీకు చెప్పను. మేముండేది సర్రేలో. ఏడెనిమిదేళ్ల క్రితం మే నెలలో, మా వంటింటి కిటికీ ఎదురుగా ఉన్న కంచెలో ఒక బ్లాక్‌బర్డ్ గూడు కట్టింది. నాలుగు పిల్లలు. పొద్దున్నే టీ పెట్టుకుంటూ వాటి నోళ్లు చూడటం నాకు పూజలా అయింది. ఒకరోజు తల్లీ తండ్రీ గొంతు చించుకుని అరుస్తున్నాయి. పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి కంచె మీద జే. దాని నోట్లో ఇంకా ఈకలు సరిగా రాని పిల్ల వేలాడుతోంది. చప్పట్లు కొట్టాను, కేకలు పెట్టాను, చెప్పు విసిరాను. అది తాపీగా ఓక్ చెట్టు మీదికి వెళ్లి, పావుగంటలో మళ్లీ వచ్చింది. సాయంత్రానికి గూడు ఖాళీ. ఆ రోజు నా చేతిలో తుపాకీ ఉంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. కాబట్టి పెద్దాయన కోపం నాకు అర్థమవుతుంది.

కానీ ఆ కథ అక్కడితో అయిపోలేదు. రెండు వారాల్లో అదే బ్లాక్‌బర్డ్ జంట ఇంకొంచెం లోపలికి, హాథార్న్ ముళ్ల మధ్య మళ్లీ గూడు కట్టింది. ఈసారి మూడు పిల్లలు ఎగిరాయి. ఆ పిట్ట ఏడాదికి రెండు మూడు కాన్పులు పెట్టేది ఇందుకే. కొన్ని పోతాయని దాని ఒంటికి ముందే తెలుసు. గూడు పోవడం వేరు, జాతి పోవడం వేరు. మన కంటిముందు జరిగింది పెద్దదిగా కనిపిస్తుంది, కనిపించకుండా జరిగేది లెక్కలోకే రాదు. గూళ్లు పోయినా పిట్టలు వేల ఏళ్లుగా నిలబడ్డాయి. పొలాల గట్ల మీద కంచెలు కొట్టేసి, మందులు చల్లి పురుగులను చంపేసి, చలికాలంలో గింజలు మిగిలే కోత మోళ్ల చేలను లేకుండా చేసిన తర్వాతే పొలం పిట్టలు పడిపోయాయి.

ఇది నా ఒక్కదాని మాట కాదు. కాకి జాతి పక్షుల వల్ల ఇతర పక్షులకు ఎంత నష్టమో చూసిన అధ్యయనాలన్నీ ఒకచోట చేర్చి, 2015లో ఐబిస్ అనే పక్షిశాస్త్ర పత్రికలో ఒక సమీక్ష వేశారు. 42 అధ్యయనాలు, మూడొందలకు పైగా ఉదాహరణలు. వాటిలో 81 శాతంలో చెప్పుకోదగ్గ నష్టమే కనబడలేదు.

రెండో వైపు కూడా చెప్పాలి. 1984 నుంచి 1990 దాకా సాల్స్‌బరీ మైదానంలో జరిగిన ప్రయోగంలో నక్కలను, కాకులను, మ్యాగ్‌పైలను తగ్గించిన చోట బూడిదరంగు కౌజులు బాగా పెరిగాయి. వేటాడి తినే జీవుల నియంత్రణ పనిచేయదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయితే అక్కడ గురిపెట్టింది నేల మీద గూళ్లు దోచే వాటి మీద. జే తోపుల పిట్ట. చెట్టు విడిచి బయలు పొలం మధ్యకు రావాలంటేనే దానికి భయం. అడవుల్లోనైతే దాని మీద నేరం రుజువైన చోట్లు ఉన్నాయి. వేల్స్ ఓక్ అడవుల్లో వుడ్ వార్బ్లర్ గూళ్ల దగ్గర కెమెరాలు పెట్టినప్పుడు, గూళ్లు దోచిన వాటిలో జే ముందు వరుసలో దొరికింది. మీ పొలంలో అలాంటి అరుదైన పిట్ట గూళ్లు కడుతూ, ఎవరైనా కెమెరా పెట్టి, లెక్క రాసి, దోచేది ఫలానా జే అని చూపిస్తే నా జవాబు ఇంకోలా ఉండేది. ఉత్తరంలో నువ్వు అలాంటిదేమీ రాయలేదు.

ఫెజంట్ల సంగతి ఒక్క మాటలో తేలిపోతుంది. జే బరువు 170 గ్రాముల చుట్టుపక్కల. వేటకోసం పెంచే ఫెజంట్లను అడవిలో కంచె కట్టిన దొడ్డిలోకి వదిలేది ఆరేడు వారాల వయసులో, అప్పటికి ఒక్కోటి జే కంటే చాలా పెద్దది. వాటిని జే ఎత్తుకుపోలేదు. బయట నేల మీద గూడు పెట్టిన ఫెజంట్ గుడ్డు దొరికితే మాత్రం తింటుంది. దొడ్డిలో పిల్లలు పోతుంటే రాత్రిపూట నక్కను, వర్షాన్ని, జబ్బును చూడమను.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్నది. మా ఊళ్లో పాత బడి వెనక ఒక ఓక్ చెట్టుంది. ప్రతి అక్టోబరులో అక్కడికి వెళ్లి నిలబడతాను. జే వచ్చి కొమ్మ మీద ఓక్ కాయను ముక్కుతో తిప్పి చూస్తుంది. పుచ్చుదైతే పడేస్తుంది. మంచిదైతే మింగినట్టు గొంతు సంచిలోకి తోస్తుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. గొంతు గవదబిళ్లలు వచ్చిన పిల్లాడి దవడలా ఉబ్బుతుంది. ఆఖరిది, పెద్దది, ముక్కున పట్టుకుని ఎగిరిపోతుంది. కిలోమీటరు దాటి కూడా పోగలదు. నేను దాని వెంట పడి, పక్క గడ్డి మైదానంలో చూశాను. ఒక కాయను నోట్లోంచి తీసి, ముక్కుతో నేలలోకి దించి, రెండు మూడు సార్లు టకటకా కొట్టి, పక్కనున్న ఆకును లాగి పైన కప్పింది. రెండడుగులు వెనక్కి వేసి చూసింది. తర్వాత ఇంకో మీటరు అవతల ఇంకోటి. అన్నీ ఒకే చోట పాతిపెట్టదు, దొంగలుంటారని దానికి తెలుసు. ఇలా ఒక్క జే ఒక్క శరదృతువులో వేల కాయలు పాతుతుంది. చలికాలమంతా వాటిని తవ్వుకుని తింటుంది, జ్ఞాపకం పెట్టుకుని మరీ. అయినా కొన్ని మిగులుతాయి.

జూన్‌లో ఇంకో వింత ఉంది. మొలిచిన ఓక్ మొక్క దగ్గరికి జే వచ్చి, కాండం పట్టుకుని కొంచెం పైకి లాగి, అడుగున మిగిలిన గింజ పప్పును ఊడబెరుక్కుని పిల్లలకు తీసుకెళ్తుంది. అప్పటికే వేరు లోతుగా పోయి ఉంటుంది కాబట్టి చాలా మొక్కలు బతికేస్తాయి. విత్తినవాడే వచ్చి కూలి తీసుకున్నట్టు ఉంటుంది.

కేంబ్రిడ్జ్‌షైర్‌లో మాంక్స్ వుడ్ అనే అడవి పక్కన ఒక బార్లీ చేను ఉండేది. 1961లో దాన్ని దున్నడం ఆపి, ఏమవుతుందో చూద్దామని అలా వదిలేశారు. ఎవరూ ఒక్క మొక్క నాటలేదు. 1996లో పక్కనే ఇంకో గడ్డి చేనును కూడా అలాగే వదిలారు. 2021లో వచ్చిన అధ్యయనం ప్రకారం, మొదటి చేను ఇప్పుడు హెక్టారుకు 390 చెట్లున్న అడవి. అందులో 52 శాతం ఓక్‌లే. రెండోదాంట్లో 57 శాతం. ఓక్ కాయ బరువైనది, గాలికి ఎగరదు. అక్కడికి మోసుకొచ్చి పాతినవాళ్లు ప్రధానంగా జేలేనని పరిశోధకులు తేల్చారు. ప్లాస్టిక్ గొట్టాలు లేవు, నీళ్ల ట్యాంకర్లు లేవు, కూలీలు లేరు. ఆ వాక్యం మొదటిసారి చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

మీ హెరెఫర్డ్‌షైర్‌లో ఓక్ ఎంత విరివిగా మొలుస్తుందంటే, దాన్ని ‘హెరెఫర్డ్‌షైర్ కలుపు మొక్క’ అనడం పాతకాలం నుంచీ ఉంది. పెద్దాయన గట్ల మీది ఓక్‌లన్నీ ఆయన తాతలు నాటినవే కాకపోవచ్చు. బ్రిటన్‌లో ఓక్‌ను ఏదో విధంగా ఆసరా చేసుకుని బతికే జీవజాతులు 2,300 ఉన్నాయి. వాటిలో 326 జాతులకు ఓక్ లేకపోతే బతుకే లేదు. వసంతంలో బ్లూ టిట్ అనే చిన్న పిట్ట పిల్లల నోళ్లలోకి వెళ్లే ఆకుపచ్చ గొంగళిపురుగులు ఎక్కువగా వచ్చేది ఓక్ ఆకుల మీది నుంచే. జే కొన్ని గూళ్లు దోస్తుంది. మిగతా గూళ్లకు అన్నం పెట్టే చెట్టును కూడా అదే నాటుతుంది. ఈ రెండూ ఒకే పిట్ట చేసే పనులు. ఒకదాన్ని చూసి తుపాకీ ఎత్తితే రెండోది కూడా నేల రాలుతుంది.

నీ తాత విషయం రాశావు కాబట్టి అడుగుతున్నాను. మంచె మీద వడిసెల ఎన్ని రోజులు తిరిగేది? జొన్న కంకి పాలు పోసుకున్నప్పటి నుంచి కోత దాకా, అంతేగా? ఆ నెల రోజులూ గొంతు బొంగురుపోయేలా ‘హోయ్’ అని తోలేవాడు. కోతయ్యాక చేలో పిట్ట వాలితే రాయి విసిరేవాడా? మా నాయనమ్మ వాళ్లింట్లోనైతే కొత్త వడ్లు ఇంటికి రాగానే కంకులు కుచ్చుగా అల్లి చూరుకు కట్టేవాళ్లు, పిచ్చుకల వాటా అని. వడిసెలా కుచ్చూ రెండూ ఒకే చేతివి. పోయిన ఏడాది పావురాల దగ్గర నువ్వు చేసింది ఆ నెల రోజుల కాపలా లాంటిది, దానికి నువ్వు బాధపడనక్కర్లేదు. ఈ ఆదివారం నిన్ను పిలిచింది పంట కాపలాకు కాదు. ఇంకొకటి గుర్తుపెట్టుకో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా జేలకు కూడా గూట్లో పిల్లలుంటాయి. తల్లి రాలితే అవి ఆకలితో మెల్లగా చస్తాయి, అది ఎవరి కంటా పడదు.

పాప పెట్టిన పేరు నాకెంతో నచ్చింది. తప్పు కూడా అందంగా ఉంది. తెల్లదొరలు మన దేశంలో పాలపిట్టను చూసి ‘నీలి జే’ అని పేరు పెట్టారు, ఆ పేరు మన బడి పుస్తకాల్లో కూడా చాలాకాలం ఉండిపోయింది. మీ పాప అదే పొరపాటును తిరగేసి జేని పాలపిట్ట చేసింది. నిజానికి రెంటికీ చుట్టరికం లేదు. పాలపిట్టది వేరే కుటుంబం, జేది కాకి కుటుంబం. దసరాకు పాలపిట్టను చూడాలని మనవాళ్లు పంజరాల్లో పట్టి తెచ్చి, రెక్కలు కట్టి, డబ్బులకు చూపించడం నా చిన్నప్పుడు చూశాను. ఇప్పుడది 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. తెలంగాణ రాష్ట్ర పక్షి అది. ఇంకో విచిత్రం కూడా పాపకు చెప్పు: 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ఎంచుకున్న రామచిలుక ఇక్కడ లండన్ పార్కుల్లో గుంపులుగా బతుకుతోంది, జనరల్ లైసెన్సుల జాబితాలో దాని పేరు ఉంది. ఒకచోట గౌరవం, ఇంకోచోట పీడ. అందుకే ఏ పిట్టయినా ఎక్కడ, ఏం చేస్తోంది అని అడగకుండా నేను మాట్లాడను.

ఇక పెద్దాయనకు ఎలా చెప్పాలి. ఫోన్‌లో చెప్పకు, మెసేజ్ అసలే పెట్టకు. శనివారం వాళ్లింటికి వెళ్లు. వెళ్లేటప్పుడు మీ ఇంట్లో చేసిన అరిసెలో, ఏదో ఒకటి పట్టుకెళ్లు. కొత్తగా వచ్చిన కుటుంబాన్ని మొదట పలకరించిన మనిషికి ఆ మర్యాద దక్కాలి. ముందు లైసెన్సు మాటే చెప్పు, అబద్ధం కాదు కదా. “నా సర్టిఫికెట్ పోతే మళ్లీ రావడం కష్టం, జే పంటల జాబితాలో లేదు, ఈ కాగితం చూడండి” అను. ఆయనకు కూడా అది పనికొచ్చే సమాచారమే, ఆయన తుపాకీ కూడా పణంగా ఉంది. తర్వాత పాప సంగతి దాచకుండా చెప్పు. ‘మా అమ్మాయికి ఆ పిట్ట ఇష్టం, నేను చేయలేను’ అని నేరుగా అంటే ఆ తరం రైతులు గౌరవిస్తారు, సాకులు చెబితేనే చిన్నచూపు చూస్తారు. ఆయన పద్ధతుల మీద ఉపన్యాసం మాత్రం ఇవ్వకు. ఆయన నాలుగు మాటలన్నా పడు.

ఖాళీ చేతులతో మాత్రం రాకు. ఆదివారం వస్తాను, వేరే పని చేద్దాం అను. బఠాణీ మడికి కాయ పట్టకముందే సన్న కన్నుల వల బిగించి కట్టండి. కింద అంచును మట్టిలో పాతాలి, వదులుగా ఉంటే పిట్టలు చిక్కుకుని చస్తాయి. ఇంటి దగ్గర చిన్న పిట్టలకు గింజలు పెట్టే గూట్లో జేలు పడుతుంటే, చుట్టూ కమ్మీల పంజరం ఉన్న రకం దొరుకుతుంది, బ్లూ టిట్ దూరుతుంది, జే దూరదు. గట్ల కంచెలే అన్నిటికంటే పెద్ద పని. ఏటా యంత్రంతో గుండు కొట్టినట్టు కత్తిరించిన కంచెలో గూడు బయటికి కనబడుతుంది, జే పని సులువవుతుంది. రెండు మూడేళ్లకు ఒకసారి, అదీ చలికాలం చివర్లో కత్తిరిస్తే హాథార్న్ ఒత్తుగా అల్లుకుంటుంది. మా బ్లాక్‌బర్డ్ రెండోసారి గెలిచింది ఆ ముళ్ల మధ్యనే. ఇంట్లో, కొట్టంలో పిల్లులెన్ని ఉన్నాయో కూడా మెల్లగా అడుగు. 1997లో వేసిన ఒక లెక్కలో, బ్రిటన్ పిల్లులు ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా ఐదు నెలల్లో ఇంటికి తెచ్చిన పక్షులే 2 కోట్ల 70 లక్షలు. గూళ్ల కాలంలో పిల్లిని తెల్లవారుజామున లోపల ఉంచినా చాలా గూళ్లు మిగులుతాయి.

ఆయన తన తుపాకీతో తాను వెళితే? పోట్లాడకు. కాగితం చూపించావు, నీ మాట చెప్పావు. అయినా కాల్చి, కారణం ఫెజంట్లే అని నీ ముందే అంటే మాత్రం, తెలిసి కూడా నువ్వు తోడు నిలబడకూడదు. వెనక్కి వచ్చేయ్.

మే నెల ఆఖరులో పాపను తీసుకుని మీ పెరటి గడ్డి అంచులు, పూలకుండీలు వెతకండి. దగ్గర్లో ఓక్ చెట్టుంటే ఎవరూ నాటని మొక్క ఒకటైనా కనబడుతుంది. నాలుగైదు ఆకులు, అంచులు అలలుగా ఉంటాయి. పీకి చూడొద్దు, అడుగున కాయ ఇంకా ఉంటుంది. కుందేళ్లు కొరక్కుండా చుట్టూ అడుగు ఎత్తు ఇనుప వల గుండ్రంగా కట్టండి. గడ్డి కోసే మిషన్ తగలకుండా పక్కన ఒక కర్ర పాతి, దానికి ఎర్ర గుడ్డ కట్టండి.